తప్పిందా, తప్పించారా?

డిసెంబరు నెలాఖరు నుంచి సంక్రాంతి దాటేదాకా మన విజయవాడ వార్తల్లో తరచూ కనపడే వార్త ఒకటుంది. గన్నవరంలో దిగాల్సిన విమానం రన్‌వే దాకా వచ్చి మళ్లీ పైకి లేచిందని, గాల్లో చక్కర్లు కొట్టిందని, లోపలున్నవాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నారని, చివరికి తృటిలో పెను ప్రమాదం తప్పిందని దాని సారాంశం. ఇది అబద్ధమా అంటే అబద్ధం కాదు. విమానం పైకి లేచిన మాట నిజం, తిరిగిన మాట నిజం, భయపడ్డవాళ్లు ఉన్న మాటా నిజమే. నా పేచీ అంతా చివర్న వచ్చే క్రియతోనే. తప్పింది అంటున్నాం. తెలుగులో తప్పడం వేరు, తప్పించడం వేరు. వాన వెలిసి పెళ్లివారికి ఇబ్బంది తప్పింది అంటాం. అందులో ఎవరి ప్రమేయమూ లేదు. డ్రైవరు చూసుకుని గేదెను తప్పించాడు అంటాం. అక్కడ మనిషున్నాడు, అతని నిర్ణయం ఉంది. దిగబోయిన విమానం మళ్లీ పైకి లేవడం ఈ రెండో రకం పని. మన శీర్షికలు దాన్ని తీసుకెళ్లి మొదటి రకంలో వేస్తున్నాయి. చూడ్డానికి ఇది క్రియాపదం దగ్గర చిన్న పొరపాటే. దానివల్ల జరిగే నష్టం మాత్రం చిన్నది కాదు.

వైమానిక భాషలో ఈ పనిని గో అరౌండ్ అంటారు. తెలుగులో దీనికి స్థిరపడ్డ మాట లేదు. వార్త రాసేవారు చక్కర్ల దగ్గరా గండాల దగ్గరా ఆగిపోవడానికి అదీ ఒక కారణం కాబోలు. జరిగేదేమిటో కాస్త దగ్గరగా చూద్దాం. ఓ జనవరి ఉదయం ఉంగుటూరు వైపు నుంచి, కోతలైపోయి మినుము పచ్చబడుతున్న చేల మీదుగా, ఒక విమానం గన్నవరం రన్‌వేకి దిగివస్తోందనుకోండి. గంటకు 250 కిలోమీటర్ల పైచిలుకు వేగం. వెయ్యి అడుగుల ఎత్తులో ఉన్నప్పుడు దానికీ నేలకూ మధ్య మిగిలింది నిమిషంన్నర లోపే. ఆపాటికి వేగం, దిగే వాలు, రెక్కల వెనక ఫ్లాపులు, కింద చక్రాలు అన్నీ లెక్క ప్రకారం కుదిరి ఉండాలి. కుదరకపోతే దిగకూడదు. అన్నీ కుదిరినా, నిర్ణీత ఎత్తుకు వచ్చేసరికి రన్‌వే గానీ దాని దీపాలు గానీ కంటికి ఆనకపోతే దిగకూడదు. రేడియో సంకేతాలతో రన్‌వేకి దారి చూపే మామూలు ఐఎల్ఎస్ సాయంతో దిగేచోట ఆ ఎత్తు నేల నుంచి 200 అడుగులు. ముందు దిగిన విమానం ఇంకా రన్‌వే ఖాళీ చేయకపోయినా, కుక్క అడ్డొచ్చినా, గాలి ఉన్నట్టుండి దిశ మార్చుకున్నా అంతే. అప్పుడు ఇద్దరు పైలట్లలో ఒకరి నోట గో అరౌండ్ అన్న మాట వస్తుంది. థ్రస్ట్ లీవర్లు ముందుకు వెళతాయి, ముక్కు పైకి లేస్తుంది, ఫ్లాపులు కొంత లోపలికి పోతాయి, విమానం ఎక్కుతోందని రూఢి అయ్యాక చక్రాలు ముడుచుకుంటాయి. లోపల కూర్చున్నవారికి ఇవేవీ కనపడవు. వారికి తెలిసేది ఇంజిన్ల హోరు, కాళ్ల కింద దభీమన్న చప్పుడు, సీటుకు వీపు అతుక్కుపోవడం. గుండె ఝల్లుమనడంలో వింతేమీ లేదు. అయితే ఎన్ని అడుగులు ఎక్కాలో, ఎటు తిరగాలో, ఎక్కడ వేచి ఉండాలో ఆ విమానాశ్రయం మ్యాపులో ముందే అచ్చయి ఉంటుంది. దిగడం మొదలుపెట్టకముందే పైలట్లిద్దరూ ఆ దారిని ఒకరికొకరు చెప్పుకుని ఉంటారు. కాలమానంలో తృటి అంటే లెక్కకందనంత చిన్న కొలత. ముందే అచ్చువేసి, చదువుకుని, సిమ్యులేటరులో సాధన చేసి పెట్టుకున్న పనిని తృటిలో జరిగిందనడం ఏం న్యాయం?

మన ఊరి భాషలోనే చెప్పుకుందాం. వారధి మీదుగా వస్తూ బెంజ్ సర్కిల్ దగ్గర బందరు రోడ్డుకు తిరగాల్సిన కారు పొరపాటున ఫ్లైఓవర్ ఎక్కేసిందనుకోండి. బుద్ధున్న డ్రైవరు ఫ్లైఓవర్ మీద బ్రేకు కొట్టి రివర్సు గేరు వేయడు. నేరుగా పోయి, అవతల దిగి, వీలున్నచోట తిరిగి వెనక్కి వస్తాడు. పది నిమిషాలు పోతాయి, కాస్త పెట్రోలు పోతుంది. అలా తిరిగి వచ్చే కార్లను ఎవరూ లెక్కపెట్టరు, ఏ కెమెరా వాటి వెంట పడదు. రివర్సు వేసేవాళ్లూ మన ఊళ్లో లేకపోలేదు, నిజానికి వార్త కావాల్సినవాళ్లు వాళ్లే. విమానాల సంగతీ అంతే. ప్రపంచవ్యాప్తంగా చూస్తే, వెయ్యిసార్లు దిగడానికి వస్తే అందులో ఒకటి నుంచి మూడుసార్లు గో అరౌండ్ జరుగుతుందని అంచనా. మన దేశంలో రోజూ మూడు వేలకు అటూ ఇటూగా దేశీయ విమానాలు నడుస్తున్నాయి. గుణించి చూడండి, రోజుకు మూడు నుంచి తొమ్మిది. రోజుకు ఇరవై విమానాలు దిగే విమానాశ్రయమైతే వెయ్యి పూర్తికావడానికి యాభై రోజులు పడుతుంది, అంటే అక్కడా రెండు నెలలు తిరక్కుండానే ఒకటి రావచ్చు. ఇవన్నీ నిజంగా తృటిలో తప్పిన పెను ప్రమాదాలే అయితే, అందులో పదో వంతు తప్పకపోయినా వారానికి రెండు నుంచి ఆరు విమానాలు కూలుతూ ఉండాలి.

మన ప్రాంతంలో గో అరౌండ్‌కు ముఖ్యమైన కారణం పొగమంచు. పక్కన ఏలూరు కాలువ, దాని కింద తడి ఆరని మాగాణి, రాత్రంతా మబ్బులేని ఆకాశం, ఆకు కదలని గాలి. ఈ నాలుగూ కలిసిన తెల్లవారుజామున గన్నవరం రన్‌వే తెల్లటి దుప్పటి కప్పుకుంటుంది. ఎండ ఎక్కితే అదే విడిపోతుంది. కాబట్టి ఉదయం వచ్చే విమానం ముందున్న ప్రశ్న ఒక్కటే, కాసేపు ఆగి చూడాలా, హైదరాబాదుకు వెళ్లిపోవాలా అని. చక్కర్లు కొట్టిందన్న మాటలో దారి తెలియక తిరిగిందన్న ధ్వని ఉంది. జరిగింది మాత్రం క్యూలో నిలబడడం, నేల మీద కాకుండా ఆకాశంలో. ఇంధనం అయిపోతే ఎలా అన్న భయానికీ సమాధానం ముందే ఉంది. గమ్యం చేరడానికి, అక్కడ దిగలేకపోతే ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి వెళ్లడానికి, అక్కడికి చేరాక మరో 30 నిమిషాలు గాల్లో ఉండడానికి, పైగా అనుకోని ఖర్చుకు కొంత. ఇంతా నింపుకోకుండా జెట్ విమానం బయలుదేరడానికి నిబంధనలు ఒప్పుకోవు. పొగమంచే కానక్కర్లేదు. 2018లో భోగి మంటల పొగ కమ్మేసి చెన్నైకి రావాల్సిన విమానాలను దారి మళ్లించాల్సి వచ్చింది. పండగ పూట ఆలస్యమైనవారికి విసుగు పుట్టి ఉండవచ్చు గానీ, అది ప్రమాదం కాదు, ప్రమాదానికి దూరంగా ఉండడం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. విమానం వెనుదిరిగితే ఏమవుతుందో చెప్పే వార్తలు మనకు బోలెడు. వెనుదిరగకపోతే ఏమవుతుందో చెప్పడానికి మన దేశంలోనే రెండు చోట్లున్నాయి. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో దిగబోయింది. ఎత్తు ఎక్కువగా ఉంది, వేగం ఎక్కువగా ఉంది. వెనక్కి వెళ్లిపోదామని కో పైలట్ మూడుసార్లు అన్నట్టు విచారణలో తేలింది. కెప్టెన్ దించేశాడు. 2,450 మీటర్ల రన్‌వేలో దాదాపు 1,600 మీటర్లు దాటాక చక్రాలు నేలను తాకాయి. కొండ అంచు దాటి లోయలో పడిన ఆ విమానంలో 158 మంది చనిపోయారు, ఎనిమిది మంది బతికారు. పదేళ్ల తర్వాత, 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో అదే కథ. ఇక్కడ మరింత బాధ కలిగించే సంగతి ఒకటుంది. జోరువానలో మొదటిసారి దిగబోయి ఆ పైలట్లు వెనుదిరిగారు. అంటే చేయాల్సిన పనే చేశారు. రెండోసారి, వెనక నుంచి గాలి తోస్తుండగా, మరో వైపు నుంచి వచ్చారు. 2,700 మీటర్ల రన్‌వేలో సగం దాటాక గానీ నేల తగల్లేదు. గో అరౌండ్ అని కో పైలట్ చెప్పినా విమానం పైకి లేవలేదు. పైలట్లిద్దరితో సహా 21 మంది పోయారు. మొదటి ప్రయత్నం తర్వాత పైకి లేచినట్టే రెండోసారీ లేచి, మరో ఊరికి వెళ్లి దిగి ఉంటే మర్నాటి శీర్షిక ఎలా ఉండేదో మనం ఊహించగలం. తృటిలో తప్పిన పెను ప్రమాదం అనే ఉండేది. ప్రయాణికులు ఎయిర్‌లైన్‌ను తిట్టుకుంటూ అర్ధరాత్రి బస్సుల కోసం చూసేవారు. ఆ తిట్లు తినడమే ఆ రాత్రి జరగాల్సిన మంచి.

వెనుదిరగకపోవడానికీ మన శీర్షికలకూ సంబంధమేమిటి, పైలట్ పేపరు చూసి విమానం నడుపుతాడా అని ఎవరైనా అడగవచ్చు. నడపడు. అయితే వెనుదిరగాల్సినప్పుడు పైలట్లు వెనుదిరుగుతున్నారా అన్నది ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ అనే అంతర్జాతీయ సంస్థ తరచి చూసింది. లెక్క కుదరకుండా దిగివస్తున్న విమానాల్లో, అంటే నిబంధన ప్రకారం తప్పనిసరిగా వెనుదిరగాల్సిన వాటిలో, వెనుదిరిగేవి నూటికి మూడే. 97 దిగిపోతున్నాయి. వాటిలో చాలా మటుకు క్షేమంగానే దిగుతాయి, అందుకే అలవాటు ముదురుతుంది. దీనికంతటికీ పత్రికలూ టీవీలే కారణమంటే అది అతిశయోక్తి. సంచలనాన్ని విమర్శిస్తూ నేనూ సంచలనం చేయకూడదు గదా. కారణాలు అనేకం. అలసట, చేయి తిరిగినవాడినన్న ధీమా, టైము మించిపోతోందన్న తొందర, పక్క సీట్లో పెద్దాయనకు ఎదురుచెప్పలేని చిన్నవాడి మొహమాటం. వీటితో పాటు వెనుదిరగడం ఓటమి అన్న భావం కూడా ఒకటి. ఈ చివరిదాంట్లోనే మన వాటా ఉంది. వెనుదిరిగిన ప్రతిసారీ కిందకు దిగేసరికి సెల్‌ఫోన్ వీడియోలు, ఫిర్యాదులు, దిగలేకపోయిన విమానం అన్న స్క్రోలింగు ఎదురైతే, మరోసారి ఆ నిర్ణయం తీసుకునే చేయి ఒక్క క్షణం తటపటాయిస్తే ఆశ్చర్యం లేదు. వెనుదిరిగినందుకు పైలట్‌ను శిక్షించకూడదన్న సూత్రం విమానయానంలో ఉన్నది ఇందుకే. కంపెనీ శిక్షించకూడని పనికి మనం శీర్షికతో శిక్ష వేస్తున్నాం.

రెండో నష్టం శ్రోతకూ పాఠకుడికీ. అన్నిటికీ ఒకే మాట వాడితే తేడా చూసే శక్తి పోతుంది. 2021 ఫిబ్రవరి 20న దోహా నుంచి 64 మందితో గన్నవరం వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం, దిగాక పార్కింగు వైపు వెళుతూ రెక్కతో దీపస్తంభాన్ని కొట్టింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అది జరగకూడనిది. నేల మీద గీసిన గీత వెంట పోవాల్సిన విమానం గీత ఎందుకు దాటిందని అడిగి తీరాల్సిన ఘటన. 2025 సెప్టెంబరులో ఇక్కడి నుంచి బెంగళూరు బయలుదేరబోతున్న విమానానికి పక్షి తగిలి ప్రయాణం రద్దయింది. రన్‌వే చుట్టుపక్కల చెత్త, మాంసం వ్యర్థాలు ఎలా ఉన్నాయన్నది అక్కడ రావాల్సిన ప్రశ్న. 2024 అక్టోబరు 11న తిరుచిరాపల్లి నుంచి షార్జాకు 141 మంది ప్రయాణికులతో లేచిన విమానంలో హైడ్రాలిక్ లోపం వచ్చింది. రెండు గంటలకు పైగా అది ఆకాశంలోనే తిరుగుతుంటే టీవీలు ఉత్కంఠ, ఉత్కంఠ అని ఊగిపోయాయి. తిరిగింది బరువు తగ్గించుకోవడానికి. ఆ రకం బోయింగ్ విమానానికి గాల్లో ఇంధనం వదిలేసే ఏర్పాటు ఉండదు, మండించి తగ్గించుకోవాల్సిందే. లోపం నిజం, దాన్ని ఎదుర్కొన్న తీరు పద్ధతి ప్రకారం. ఇక పొగమంచులో వెనుదిరగడం అసలు లోపమే కాదు. ఈ నాలుగింటికీ మన దగ్గరున్నది ఒకటే అచ్చు, తృటిలో తప్పింది. జ్వరానికీ జలుబుకీ గుండెపోటుకీ ఒకే చీటీ రాసిచ్చే వైద్యుడి దగ్గరికి మనం వెళ్తామా?

గో అరౌండ్‌లో అసలు అపాయమే లేదా అంటే, లేదని నేను అనను. 2013 నవంబరులో రష్యాలోని కజాన్‌లో దిగబోయి పైకి లేచిన విమానం ముక్కు నేలకేసి పడిపోయింది, 50 మంది చనిపోయారు. 2016 మార్చిలో రోస్తోవ్‌లో, గాలివానలో రెండోసారి వెనుదిరిగిన విమానం కూలి 62 మంది పోయారు. ఇంజిన్లు ఒక్కసారిగా పూర్తి శక్తి అందుకున్నప్పుడు, బయట చీకటి తప్ప ఏమీ కనపడనప్పుడు, ముక్కు మరీ పైకి లేచిపోతోందన్న భ్రమ మనిషి చెవిలోనే పుడుతుంది. దాన్ని నమ్మి కిందికి నెడితే నేల ఎదురొస్తుంది. ఇది గట్టి అభ్యంతరమే. అయితే ఇది ఏమని చెబుతోంది? వెనుదిరగడం తప్పని చెప్పడం లేదు, ఆ పని పైలట్ చేతికి బాగా అలవాటు కావాలని చెబుతోంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే ఎదురయ్యే పనిని సిమ్యులేటరులో ఎన్నిసార్లు చేయిస్తున్నారు, ఇద్దరు పైలట్లు విశ్రాంతిగా ఉన్నారా, డ్యూటీ గంటలు ఎలా ఉన్నాయి అన్నవి ఆసక్తికరమైన వార్తలు. వాటికి మంటలూ పొగా లేని మాట నిజమే. అందుకే అవి లోపలి పేజీకి కూడా రావు.

మరో అభ్యంతరం మన గుండెల్లోంచి వచ్చేది. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ అప్పటి కృష్ణా జిల్లాలో, కైకలూరు దగ్గర చెరువులో కూలింది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో కూలిపోయి ఆయనా, వెంట ఉన్న నలుగురూ మరణించారు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో 260 ప్రాణాలు పోవడం చూశాం. ఇంత చూసినవారు ఆకాశంలో చప్పుడు తేడాగా వినపడితే ఉలిక్కిపడరా? పడతారు. ప్రయాణికుడి భయాన్ని నేను తీసిపారేయడం లేదు, అదీ వార్తే. అయితే భయాన్ని భయంగా రాయాలి, సాక్ష్యంగా కాదు. చావు అంచుల దాకా వెళ్లొచ్చాం అని పదిహేడో వరుసలో కూర్చున్న మనిషి అన్న మాట ఆయన మనఃస్థితికి రుజువు. విమానం స్థితికి కాదు. 2021 డిసెంబరు 14న రాజమహేంద్రవరం నుంచి తిరుపతి వెళ్లాల్సిన విమానం బెంగళూరులో దిగింది. రోజా, యనమల రామకృష్ణుడు వంటి నేతలు అందులో ఉండడంతో అది పెద్ద వార్తయింది. ఎవరున్నారన్నది అందరికీ తెలిసింది. ఎందుకు మళ్లిందన్నదే వెనకబడింది.

ఇక్కడ తప్పు విలేకరి ఒక్కడిదే అంటే అన్యాయం. గన్నవరం గేటు దగ్గర నిలబడ్డ విలేకరికి చెప్పేదెవరు? ఎయిర్‌లైన్ నుంచి వచ్చే ప్రకటనలో నిర్వహణ కారణాలు అన్న రెండు మాటలుంటాయి, ప్రయాణికుల భద్రతే మాకు ముఖ్యం అన్న అలవాటు వాక్యం ఉంటుంది. లోపల మైకులో పైలట్ ఒక్క నిమిషం వివరంగా మాట్లాడితే సగం వీడియోలు పుట్టనే పుట్టవు. ఖాళీ ఉన్నచోట పుకారు దూరుతుంది. పైగా గో అరౌండ్‌లన్నీ మామూలే అని సంస్థలు చేతులు దులుపుకోవడానికీ వీల్లేదు. 2015 ఆగస్టు 18న దోహా నుంచి కొచ్చి వచ్చిన విమానం అక్కడ మూడుసార్లు, తిరువనంతపురంలో మరో మూడుసార్లు దిగబోయి కుదరక, ఏడోసారి దిగింది. అప్పటికి ట్యాంకుల్లో ఇంధనం ప్రమాదకరంగా తగ్గిపోయింది. అది పెద్ద అక్షరాలతో రాయాల్సిన వార్త, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏను నిలదీయాల్సిన వార్త. ఒకసారి వెనుదిరిగి రెండోసారి దిగిన విమానానికీ దీనికీ ఉన్న తేడాను పాఠకుడు గుర్తుపట్టాలంటే, మొదటిదానికి అంత పెద్ద అక్షరాలు ఖర్చుపెట్టకూడదు.

మళ్లీ చలికాలం వస్తుంది. గన్నవరం మీద పొగమంచు పడుతుంది, ఏదో ఒక ఉదయం ఒక విమానం 200 అడుగుల దాకా దిగి మళ్లీ పైకి లేస్తుంది. ఆ పూట డెస్కులో శీర్షిక పెట్టే మిత్రులకు నా విన్నపం ఒక్కటే. ఎందుకు వెనుదిరిగింది, ఎన్నోసారికి దిగింది, దిగేటప్పటికి ఇంధనం ఎంత మిగిలింది అని అడగండి. జవాబులో తేడా ఉంటే ఎవరినీ వదలకండి. తేడా లేకపోతే, పొగమంచు వల్ల గంట ఆలస్యంగా దిగిన విమానం అని రాయండి, సరిపోతుంది.